మూత మీద చిన్న అక్షరాలు

మొన్న బడి నుంచి వస్తుంటే రైల్వే గేటు పడింది. పక్కనే ఉన్న మోటార్ సైకిళ్ళ షాపులో ఒకాయన బ్రేక్ ఆయిల్ సీసా మూత తీశాడు. కొంచెం తియ్యగా, కొంచెం నీచుగా ఉండే ఆ వాసన ముక్కుకి తగిలింది. గేటు లేచింది, వెనక ఆటోల వాళ్ళు హారన్లు కొడుతున్నారు, నేను మాత్రం స్కూటీ కదిలించలేకపోయాను. "ఏందమ్మా, నిద్రపోతున్నావా?" అని ఒకాయన కసిరితే పక్కకి తీసి ఆపుకున్నాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు మస్తాన్ బాబాయి గుర్తొస్తాడు. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది.

నరసరావుపేటలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆయన షాపు. సైకిళ్ళతో మొదలుపెట్టి తర్వాత మోటార్ సైకిళ్ళ పని కూడా పట్టాడు. మాకూ వాళ్ళకీ చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నని ఆయన అన్నయ్యా అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయి, ఆయన భార్య జాన్‌బీ నాకు పిన్ని. మనిషి పొట్టి, మాట కటువు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు అసలు రాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు కొత్త సామాను పెట్టె నా ముందు పెట్టి, "ఏందో రాసుంది, చదువమ్మాయ్" అన్నాడు. తడుముకుంటూ చదివి, తెలిసినంతలో అర్థం చెప్పాను. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. అప్పటిదాకా మా ఇంట్లో కూడా ఎవరూ నా మాటని అంతగా లెక్కపెట్టలేదు. ఆ రోజు నుంచి ఏ పెట్టె వచ్చినా నాకు కబురే. "అమ్మాయి చదివిందాకా నేను బిగించను" అని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేవాడు. ఇంగ్లీషు టీచరు ఎందుకయ్యారని బడిలో పిల్లలు అడిగితే ఏవేవో చెబుతాను గానీ, అసలు కారణం ఆ అట్టపెట్టెలే.

ఆయన షాపులో ఒక కట్టడి ఉండేది. బ్రేకు పని చేస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. రేడియో కూడా కట్టేసేవాడు. ఒకసారి నాకు వచ్చిన మార్కుల సంగతి చెప్పబోతే పానా కింద పెట్టి నా వైపు తిరిగాడు. "చైను తెగితే బండి ఆగుద్ది. బ్రేకు పోతే మనిషే ఆగిపోతాడు. నోరు ముయ్యి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పని అయ్యాక తనే పిలిచి, "ఇప్పుడు చెప్పు, ఎన్నొచ్చినయ్?" అని అడిగి, టీ తెప్పించాడు. బ్రేకు బాగుచేసిన బండిని కూడా ముందు తనే తొక్కేవాడు. ఎంత తొందరపడినా వినేవాడు కాదు. "నేను బిగించింది ముందు నేను తొక్కాల. ఆనక మీరు" అనేవాడు.

నలభై దాటాక నాకు కొండలెక్కే సైకిల్ పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున్నే కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే తప్ప ఆ వారం గడిచినట్టు ఉండేది కాదు. దిగేటప్పుడు వైరు బ్రేకులు పట్టీ పట్టీ వేళ్ళు లాగేసేవి. ఆయిల్‌తో పనిచేసే డిస్కు బ్రేకులైతే ఒక్క వేలితో ఆగుతుందని విన్నాను. పేరున్నవి అప్పుడు దొరకలేదు. ఎవరూ వినని కంపెనీవి ఆన్‌లైన్లో కనిపిస్తే, ఆగే ఓపిక లేక తెప్పించాను. బాబాయి వాటిని తిప్పి తిప్పి చూసి నవ్వాడు.

"ఈ పేరేంది, నోరు తిరగట్లా. సరేలే, మోటార్ సైకిల్‌కి ఉండేదేగా. ఇది దాని పిల్ల."

పెట్టె మీద ఉన్నదంతా చదివి వినిపించాను. ఆయిల్ గురించి అక్కడ ఏమీ లేదు. ఆయిల్ పోయే పైపు నా సైకిల్‌కి పొడుగైంది. కోస్తే లోపలి ఆయిల్ కారిపోయింది. మళ్ళీ నింపాలి. బాబాయి అలమారలోంచి మోటార్ సైకిళ్ళకి పోసే బ్రేక్ ఆయిల్ తీశాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన పోస్తున్నది అదే, బ్రేక్ ఆయిల్ అంటే ఆయనకి తెలిసింది అదొక్కటే. రేడియో కట్టేశాడు. ఆయన బ్రేకు లివరు వంచినప్పుడు, ఆయిల్ పోసే చోట దాని చిన్న మూత మీద అక్షరాలు కనిపించాయి. మినరల్ ఆయిల్ మాత్రమే పొయ్యాలని ఇంగ్లీషులో ఉంది. చేతిలో సీసా మీద ఆ మాట లేదు. ఇది వేరు, అది వేరు కాబోలు అనిపించి నోరు తెరిచాను, మళ్ళీ మూసేశాను.

బ్రేకు పని జరుగుతుంటే మాట్లాడకూడదు కదా, అందుకే ఊరుకున్నానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. పని అయిపోయి చేతులు తుడుచుకుంటూ ఆయన నన్ను అడిగాడు.

"అంతేనా అమ్మాయ్? ఇంకేవన్నా రాసుందా?"

"లేదు బాబాయ్, అంతే."

ఆ మినరల్ ఆయిల్ మా ఊళ్ళో దొరకదు. తెప్పించాలంటే ఇంకో వారం పడుతుంది. ఆదివారం కొండకి పోవాలని నా ఆరాటం. అంతకు మించి ఇంకే కారణమూ లేదు.

ఆ రోజు బ్రేకులు చక్కగా పట్టాయి. వేలు ఆనిస్తే చాలు, ఆగింది. అయినా కొండ మీద తను దిగి చూస్తే గానీ ఇవ్వనని సైకిల్ షాపులోనే ఉంచుకున్నాడు. ఆదివారం పొద్దున సైకిల్ ఆటోలో వేసుకుని ఇద్దరం కొండ మీదికి వెళ్ళాం. అరవై దాటిన మనిషి ఆ సైకిల్ ఎక్కుతుంటే హ్యాండిల్ పట్టుకుని ఆపాను.

"నేను దిగుతా బాబాయ్, నువ్వు ఆటోలో రా."

"ఊరుకో. ముందు నేను."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మొదటి మలుపులో సైకిల్ నెమ్మదించింది. రెండో మలుపు దగ్గర ఆయన లివరు రెండు మూడు సార్లు గట్టిగా పిసకడం పైనుంచి చూశాను. ఆగలేదు. ఎదురుగా కొండెక్కుతూ జనం వస్తున్నారు. ఆయన సైకిల్‌ని కొండ రాళ్ళ వైపు తిప్పేశాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. "ఎవరికీ తగల్లేదుగా?" అని అడిగాడు. ఆయన తుంటి ఎముక విరిగింది.

తర్వాత ఇంకో మెకానిక్ ఆ బ్రేకులు విప్పి చూశాడు. లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. బ్రేకుల తప్పేమీ లేదని, పోసిన ఆయిల్ వాటికి పడదని, మూత మీద రాసే ఉందని ఆ మెకానిక్కే బాబాయి వాళ్ళింట్లో చెప్పాడు. బాబాయి మళ్ళీ షాపు తెరవలేదు. ముందు కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాడు, తర్వాత మంచానికే పరిమితమయ్యాడు. సాయంత్రాలు వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు పిన్ని ఉండబట్టలేక నా ముందే అనేసింది.

"మూత మీద రాసే ఉందంట గదమ్మా. నువ్వు చూళ్ళేదా?"

నేను జవాబు చెప్పేలోపే బాబాయి అందుకున్నాడు.

"దాన్నెందుకంటావే? చానా చిన్నచ్చరాలు. కనపడి ఉండవు. కనపడితే చదవకుండా ఉంటదా?" అని నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ కళ్ళు చూపించుకో. పొద్దస్తమానం పిల్లల పేపర్లు దిద్దుతావు. అశ్రద్ధ చెయ్యమాక."

అలాగే బాబాయ్ అన్నాను. చెప్పేస్తే ఆయన నన్ను తిడతాడన్న భయం కాదు. నేను చదివింది ఆయన అంతకాలం నమ్మాడు. ఆ నమ్మకం ఆయన మొహంలో చెదిరిపోతుంటే చూసే ధైర్యం నాకు లేకపోయింది. రేపు చెబుదాం, ఇంకొంచెం కోలుకున్నాక చెబుదాం అనుకుంటూ రోజులు గడిపాను. రంజాన్ నెల మొదట్లో ఆయన పోయాడు.

ఇప్పటికీ జాన్‌బీ పిన్ని దగ్గరికి వెళ్తుంటాను. ఆమె చూపు మందగించింది. మాత్రల అట్టలు నా చేతికిచ్చి, ఏ పూట ఏది వేసుకోవాలో చదివి చెప్పమంటుంది. ఒక్కొక్కటీ రెండుసార్లు చదువుతాను, అట్ట వెనకవైపు ఉన్నది కూడా వదలను. నేను లేచి వచ్చేటప్పుడు ప్రతిసారీ నా గడ్డం పట్టుకుని అడుగుతుంది. "కళ్ళు చూపించుకున్నావా అమ్మా? మర్చిపోకుండా అడుగుతా ఉండమని మీ బాబాయి మరీ మరీ చెప్పి పోయాడు."

"చూపించుకున్నా పిన్నీ" అంటాను. నా కళ్ళు అప్పుడూ బాగానే ఉన్నాయి, ఇప్పుడూ బాగానే ఉన్నాయి.