సాయవ్వ పాలలో తగ్గిన వెన్న

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసిన ఏడాది, వానకాలం మొదట్లో, కామారెడ్డి శీతలీకరణ కేంద్రం నుంచి నన్ను ఎల్లారెడ్డి రూటుకు పాల సేకరణ సూపర్‌వైజరుగా వేశారు. మా డెయిరీలో సూపర్‌వైజరంటే మేనేజరుకు కింద, ఊళ్లలోని పాలకేంద్రాలకు పైన. పేరు పెద్దదే గానీ పనంతా మోటారు సైకిల్ మీదే. పొద్దున, సాయంత్రం పాలు పోసే వేళకు ఏదో ఒక ఊళ్లో ఉండాలి, కొలతలు చూడాలి, తగవులు తీర్చాలి. అప్పటికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసు ఉంది. పాల గురించి నాకు తెలియనిది లేదన్న గర్వం కూడా ఉండేది.

ఆ ఏడాదే చిన్న కేంద్రాలకు కూడా కొత్త మిషన్లు ఇచ్చారు. కాసిన్ని పాలు పెడితే నిమిషంలో రెండు అంకెలు చూపిస్తుంది. మొదటిది వెన్న శాతం. రెండోది వెన్న కాక పాలలో ఉండే మిగతా సారం, దాన్ని మేం ఎస్ఎన్ఎఫ్ అంటాం. నీళ్లు కలిపితే రెండూ పడిపోతాయి. రెండోది నిలబడి వెన్న ఒక్కటే పడిపోతే మీగడ తీసి పోస్తున్నారని మాకు నేర్పారు. నేనూ నా కింది వాళ్లకు అదే నేర్పాను.

లింగంపేట వైపు ఒక ఊళ్లో సాయవ్వ పాలు సరిగ్గా ఈ లెక్కలో చిక్కాయి. యాభై దాటిన మనిషి. బీడీలు చుట్టీ చుట్టీ చూపు మందగించాక, మహిళా సంఘంలో అప్పు తీసుకుని ఒక ముర్రా బర్రెను కొనుక్కుంది. ఇంటికి అదే ఆధారం. ఊళ్లో అందరి బర్రె పాలకు వెన్న ఆరు దాటుతుంటే ఈమెకు నాలుగు దగ్గరే ఆగిపోతోంది. ఎస్ఎన్ఎఫ్ మాత్రం నిక్షేపంగా ఉంది. కేంద్రం అధ్యక్షుడు నర్సింలు అప్పటికే రెండు నోటీసులిచ్చాడు. మంచివాడే, కాకపోతే ఒకరి పాల వల్ల క్యానంతా ఎల్లారెడ్డిలో మళ్లీ పరీక్ష చేసే పెద్ద కేంద్రం నుంచి తిరిగొస్తే ఊరందరికీ నష్టమని అతని భయం. మూడోసారి నేను వెళ్లి రుజువు చేస్తే ఆమె సభ్యత్వం పోతుంది. ఆ ఊళ్లో పాలు కొనేది మా కేంద్రం ఒక్కటే.

రుజువుకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎదుట పిండించడం అంటాం. సూపర్‌వైజరు కొట్టం దగ్గర నిలబడి, చివరి చుక్క దాకా పిండించి, ఆ పాలను తానే తీసుకెళ్లి పరీక్ష చేయాలి. రోజూ వచ్చే అంకె వస్తే రైతు తప్పు లేదు. వెన్న పెరిగిందంటే రోజూ ఎవరో మీగడ తీస్తున్నట్టే.

సాయంత్రం నర్సింలును వెంటబెట్టుకుని వెళ్లాను. సాయవ్వ దూడను, వాళ్ల మాటలో దుడ్డెను, ఒక్క గుక్క తాగనిచ్చి, బర్రె చేపుకు రాగానే దుడ్డెను పక్కకు కట్టేసి పిండడం మొదలుపెట్టింది. సగం దాటాక చెయ్యి ఆపి నా వైపు చూసింది. మొత్తం పిండాలన్నాను. కాసేపటికి మళ్లీ ఆపింది. ఈసారి గట్టిగానే చెప్పాను. దొరికిపోతానన్న భయంతోనే చెయ్యి ఆగుతోందని తేల్చేసుకున్నాను. ఆ పూట క్యాను రోజుకంటే ఎక్కువ నిండింది. ఇంటివాడకానికి ఉంచుకునేవి కూడా కలిశాయనుకున్నాను.

కేంద్రంలో మిషన్ ఆరున్నర చూపించింది.

"చూసిన్రు గద సార్, నేను చెప్పలే?" అన్నాడు నర్సింలు. నేను రిపోర్టు ఫారం తీసి పేరు, సభ్యత్వ నంబరు రాశాను. సాయవ్వ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఏడుస్తుందేమో, కాళ్లావేళ్లా పడుతుందేమో అనుకున్నాను. అలాంటివి చాలా చూశాను, వాటికి కరగకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఆమె అవేవీ చేయలేదు.

"మరి ఇయ్యాల దుడ్డె ఏం తాగాలె సార్?" అని అడిగింది.

నా పెన్ను ఆగిపోయింది. రోజూ దానికి ఎంత విడుస్తావని అడిగాను.

"సగం కంటె జర ఎక్కువ పిండి ఇడుస్త. తర్వాతదంత దానిదే. ఆడదుడ్డె సార్, అది బక్కగైతే రేపు నాకు ఇంకో బర్రె యాడికెళ్లొస్తది?"

పిండేటప్పుడు ముందు వచ్చే పాలు పల్చన, వెన్నంతా చివరి పాలలోనే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన తొలి నెల శిక్షణలో చెప్పిన సంగతి ఇది. ఎన్ని ఊళ్లలో మైకు పట్టుకుని నేనే రైతులకు చెప్పానో! ఆ పూట మాత్రం ఒక్కసారి కూడా తట్టలేదు.

ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పాలలోంచే దుడ్డెకు పట్టించమని చెప్పి, తెల్లవారి మళ్లీ వెళ్లాను. ఈసారి రెండు గిన్నెలు పెట్టించాను. రోజూ ఎంత పిండుతుందో అంత ఒకదాంట్లో, దుడ్డెకు విడిచేవి రెండోదాంట్లో. మొదటి గిన్నె పాలకు నాలుగు వచ్చింది. రెండో గిన్నె తొమ్మిది దాటింది. రాత్రంతా నిద్ర పట్టలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

"అక్కా, ఇన్నొద్దులు నెయ్యంత దుడ్డెకే పెట్టినవా! గీ ముచ్చట ముందే చెప్పొద్దా?" అన్నాడు నర్సింలు నవ్వుతూ.

"నువ్వు అడిగినవా తమ్మీ? మీగడ ఏడ దాసినవ్ అనే అడిగితివి," అంది సాయవ్వ. నర్సింలు నవ్వు ఆగిపోయింది. నేను మిషన్ తుడుస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆమె చేస్తున్నది తప్పు కూడా కాదు. కోత మిషన్లు వచ్చాక వరిగడ్డి సగం పొలంలోనే నలిగిపోతోంది, కూలీలు దొరకడం లేదు, హర్యానా నుంచి వచ్చే ముర్రా బర్రెను కొనాలంటే మామూలు రైతు తరం కావడం లేదు. ఒకటి రెండు బర్రెలున్నవాళ్లు నిలబడాలంటే ఇంట పుట్టిన ఆడదుడ్డెను ఈనేదాకా పెంచుకోవడమే దారి. దుడ్డెలను కడుపునిండా తాగనివ్వండి అని మా డెయిరీ పంచిన కాగితం ఆ రోజు నా సంచిలోనే ఉంది. దాన్ని పాటించిన మనిషి మీదే నేను రిపోర్టు రాయబోయాను.

ఉపాయం చిన్నదే. నాలుగు చన్నులూ సగం సగం పిండకుండా మూడింటిని పూర్తిగా పిండి, నాలుగోది ముట్టకుండా దుడ్డెకు విడవమన్నాను. దానికి గడ్డి కొరికే వయసు వచ్చింది కాబట్టి ఆ పాలు సరిపోతాయి. పది రోజుల తర్వాత వెళ్తే సాయవ్వ పాలకు వెన్న ఆరు దాటి ఉంది. దుడ్డె కూడా చిక్కలేదు. నోటీసులు రెండూ రద్దు చేయించి, ఆ రద్దు కాగితాన్ని పాలు పోసే వేళ పదిమందిలో చదివించాను.

రిటైరయ్యేదాకా ఎక్కడ ఎదుట పిండించినా, ముందు మీరు రోజూ పిండినట్టే పిండండి అని చెప్పి, ఆ తర్వాతే చివరి చుక్క అడిగేవాడిని. మిషన్ చెప్పిన అంకె నిజమే అయినా, కొట్టంలో ఏం జరుగుతుందో అడగకుండా ఆ అంకెతో మనిషిని దొంగ అనకూడదని సాయవ్వ వల్ల నేర్చుకున్నాను. ఆమె ఆ ఒక్క మాట అడిగింది కాబట్టి బయటపడింది. అంతకు ముందు ముప్పై ఏళ్లలో, ఏమీ అడగకుండా ఖాళీ క్యాను పట్టుకుని వెళ్లిపోయినవాళ్ల రిపోర్టుల మీద కూడా నా సంతకమే ఉంది.