పళ్లు లేని నోటికి కోడి సూపు

మా అత్తగారికి చిగుళ్లు పాడై, ఉన్న పళ్లన్నీ తీయించాల్సి వచ్చింది. పుండ్లు మానితేగానీ కట్టుడు పళ్లు పెట్టనన్నాడు డాక్టరు. నాటుకోడి ఎముకని కూడా నమిలి పిప్పి చేసే మనిషికి, పూటపూటా గంజి, మజ్జిగన్నం. నెల తిరక్కుండానే జాకెట్లు వదులైపోయాయి. "ఆకలి నేదే" అని కంచం పక్కకు తోసేసేవారు.

అప్పుడు మేం అరసవల్లిలో ఉండేవాళ్లం. నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఒకరోజు తోటి టీచరు ఫోనులో ఒక వంట వీడియో చూపించింది. ఎవరో విదేశీ ఆవిడ పాలు, మీగడ పోసి కోడి సూపు చిక్కగా కాచి, అందులో మైదా ఉండలు ఉడికించింది. చెంచాతో నొక్కితే ఆ ఉండలు దూదిలా విడిపోయాయి. నమలక్కర్లేదు. ఇది చేసి తీరాలనుకున్నాను.

శనివారమే కాదు, సూర్యుడి గుడి ఉన్న ఊరు కాబట్టి ఆదివారం కూడా మా ఇంట్లో నీసు ముట్టరు. అందుకని బుధవారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూ కోడిమాంసం తెచ్చాను. తెర్లుతున్న సూపులో ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు పోసి, రుచికని నిమ్మకాయ కూడా పిండాను. పాలు విరిగిపోయాయి. ఉండలు గోలీల్లా అడుగుకి దిగిపోయాయి. అత్తగారు గిన్నెలోకి తొంగిచూశారు.

"ఇదేటే, కోడితో జున్ను సేసినావేటి?"

మా ఆయన నవ్వాపుకుని, "ఎందుకీ పాట్లు? హోటల్నుంచి సూపు తెస్తాను కదా" అన్నారు.

"వద్దు. నేనే చేస్తాను" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు.

మరుసటి వారం పిండి పలచగా కలిపాను. ఉండలు కరిగిపోయి సూపంతా అంబలైంది. పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. అత్తగారు గోడ పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి వచ్చారు.

"నాను పాలతాలికలు సేసినప్పుడు నువ్వు సూడనేదేటి? పాలు ముందే కాసుకుని, మంట తగ్గించి పొయ్యాల. పిండేసినాక గరిటెట్టకూడదు. మూతెట్టీసి వదిలీ."

"పలచగా కలిపితే ఇలా కరిగిపోతున్నాయి, లేకపోతే గట్టిపడిపోతున్నాయత్తా."

"నువ్వు పిసికేస్తన్నావు, మరి గట్టిపడవేటి? పెరుగేసి కలుపు. సెంచాతో జారిడిసీ."

మూడోసారి వారం మధ్యలో వచ్చిన సెలవురోజు చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టాను. ఉల్లిపాయ, క్యారెట్, అల్లం వేసి కోడిని మెత్తగా ఉడికించి, ఎముకలు ఏరేసి, మాంసం పీచుపీచుగా విడదీశాను. వెన్నలో కాస్త మైదా వేయించి, కాచిన పాలు, సూపు కొంచెం కొంచెంగా పోశాను. మీగడ, మిరియాల పొడి వేశాను. వంటసోడా, పెరుగు వేసి కలిపిన పిండిని చెంచాతో జారవిడిచి మూత పెట్టాను. అత్తగారు స్టూలు తెప్పించుకుని పక్కనే కూర్చున్నారు. రెండుసార్లు నా చెయ్యి మూత మీదికి వెళ్లింది.

"తియ్యకే. ఆగు" అన్నారు రెండుసార్లూ.

పావుగంట తర్వాత మూత తీస్తే ఉండలు ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుని తేలుతున్నాయి. ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నాలుకతోనే నలిపారు.

"మిరియాలు సాల్నేదు" అన్నారు. అంటూనే గిన్నె ఖాళీ చేసి, మళ్లీ పట్టారు.

ఇంతలో మా ఆయన తన గిన్నె పట్టుకుని వచ్చారు. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగరా. అది పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాది. ముందు దాన్ని తిన్నీ."

అప్పటికి మూడు ఉండలే మిగిలాయి. మూడూ ఆవిడే నా గిన్నెలో వేశారు.