ప్రసూన తిన్న సంగటి

ముదిగుబ్బ బస్టాండు ఎదుట ప్రసూన ఉగ్గాని బజ్జీల బండి తెలియనివాళ్ళు లేరు. మొదటి బస్సు వచ్చేసరికి బొరుగులు నానబెట్టి, పప్పుల పొడి కొట్టి, బాణలి పొయ్యి మీద పెట్టేది. ఆమె తినడానికి మాత్రం ఒక వేళంటూ లేదు. ఒక చేత్తో చిల్లర ఇస్తూ ఇంకో చేత్తో విరిగిన బజ్జీ నోట్లో వేసుకునేది. మధ్యాహ్నం మిగిలినవన్నీ ఆమె కడుపులోకే. తిండి పారేయడానికి ఆ కరువు నేల మీద పుట్టినవాళ్ళకు చేతులు రావు. అలా ఏళ్ళు గడిచేసరికి మనిషి బాగా లావెక్కింది.

"అక్కా, నువ్వు నా ఆటో ఎక్కితే ముందు చక్రం గాల్లోకి లేస్తాది" అనేవాడు ఆటో నల్లప్ప.

"తోస్తేగానీ కదలని ఆటో అది. నేనెక్కితేనన్నా కదుల్తాదేమో చూడప్పా" అని గరిటె ఊపేది.

లావు గురించి ఆమె మొదటిసారి దిగులుపడింది భర్త జయరాం కిడ్నీలు చెడిపోయాకే. జయరాం దర్జీ. డయాలసిస్ కోసం అనంతపురానికి తిరిగి తిరిగి పీనుగులా అయిపోయాడు. తన కిడ్నీ ఇస్తానంది ప్రసూన. పరీక్షలన్నీ సరిపోయాయి, ఆమె బరువు తప్ప.

"ఈ ఒంటితో ఆపరేషన్ చేస్తే నీకే ప్రమాదమమ్మా. కడుపు మాడ్చుకోకుండా మెల్లగా తగ్గు. తగ్గింది నిలవాల" అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో జయరాం, "అమ్మకు చెప్పొద్దు మేయ్. కోడల్ని కోస్తారంటే ఊరు నెత్తికెత్తుకుంటాది. లేకుంటే నాది తీసుకోమని ఆస్పత్రి గడపలో కూచుంటాది. తేదీ ఇచ్చినాక నేనే చెప్తా" అన్నాడు. ప్రసూన సరేనంది.

బండి మానితే ఇల్లు గడవదు. అందుకని ఆ పరుగుల్లోనే దారి వెతుక్కుంది. మిగిలిన బజ్జీలు బస్టాండులో మూటలు మోసేవాళ్ళకు పంచింది. మొదటి రోజు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాగింది. ఆటో మాని, చెనిక్కాయ చేల మధ్య బండ్ల బాటన ఇంటికి నడిచింది. వరన్నం తగ్గించి రాగి సంగటి, ఆకుకూర పప్పు డబ్బాలో పెట్టుకుని, బండి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని తినేది.

"ఏమక్కా, మేం నిలబడుంటే నువ్వు కూచుని తింటావా?" అనేవాళ్ళు బజ్జీలకు వచ్చినవాళ్ళు.

"ఇన్నేండ్లు మీరు కూచుంటే నేను నిలబడి తిన్లా? రోంత ఆగప్పా."

రవికెలు వదులయ్యాయి. డయాలసిస్ లేని రోజుల్లో జయరాం వాటిని విప్పి మళ్ళీ బిగించి కుట్టేవాడు. "ఇంకో కుట్టు మేయ్" అని మురిసిపోయేవాడు. ఆ ఇంట్లో ఆశకు కొలత ఆ కుట్టే.

అత్త మారెమ్మకు ఇదంతా వేరేగా కనిపించింది. కరువు పనుల్లో రాళ్ళు కొడుతూ కొడుతూ తన చెల్లెలు ఎండిపోయి చనిపోవడం ఆమె కళ్ళారా చూసింది. మనిషి చిక్కడమంటే ఆమెకు ఒకటే అర్థం.

"మొగుడు మంచాన పడితే నువ్వు కూడు మానేస్తివా పిల్లా?"

"తింటానే ఉండా అత్తా."

"అగుపడతానే ఉండాదిలే. రేపట్నించి నీ సంగటి నేనే కెలుకుతా."

కెలికింది. ముద్ద నున్నగా గొంతు దిగేది. పొద్దంతా నూనె పొగలో ఉండే ప్రసూన ముక్కుకు వాసనలు అంతగా తెలిసేవి కావు.

"ఈ తూరి రాగులు బాగుండాయి అత్తా" అంటే, మారెమ్మ ముసిముసిగా నవ్వి పొయ్యి వైపు తిరిగింది.

అప్పట్నించి కుట్టు మారలేదు. ప్రసూన ఇంకా ఎక్కువ నడిచింది. అయినా బరువు కదల్లేదు. "ఇంకొంచెమే తల్లీ, మళ్ళీ నెల చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆ మళ్ళీ నెల రాకముందే జయరాంకు జ్వరం పట్టుకుంది. అది ఒంట్లో విషమై, నాలుగు దినాల్లో మనిషిని తీసుకుపోయింది.

దినాలయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. మారెమ్మ కోడలి ముందు సంగటి ముద్ద పెట్టింది. ప్రసూన చెయ్యి కదల్లేదు.

"తిను పిల్లా. వాణ్ణి నిలబెట్టుకోలేకపోతి. నిన్నన్నా నిలబెట్టుకోనీ. నీకు తెలీకుండా దినామూ సంగట్లో నెయ్యి పోస్తాంటి, చెనిక్కాయల పొడి కలుపుతాంటి. లేకుంటే నువ్వూ నా చెల్లెలి మాదిరి పొయ్యుంటివి."

ప్రసూన తలెత్తింది. మూలన కుట్టు మిషను మీద ఆమె రవికె, దానికి గుచ్చిన సూది అట్లే ఉన్నాయి. తాను ఎందుకు చిక్కిందో చెప్పే మాట నాలుక చివరికి వచ్చింది. ఆ ఒక్క మాట చాలు, ముసలిది మళ్ళీ లేవదు. మారెమ్మ మాత్రం చేతికంటిన సంగటి కడుక్కోకుండా, కోడలి నోటి వైపే చూస్తూ నిలబడి ఉంది.

"అదా అత్తా" అంది ప్రసూన చివరికి. "నేను రాగులే మంచివనుకుంటి."

ముద్ద విరిచి పప్పులో అద్దుకుంది. బండి మూసి ఇన్ని దినాలైంది కదా, ముక్కుకు పొగ వదిలింది. నెయ్యి కమ్మగా వాసన వచ్చింది. మింగింది.