అత్తగారింట్ల గ్రాఫిక్స్ కార్డు

తన మీద తనే కంప్లైంట్ రాసుకొని, కింద మామతోని సంతకం పెట్టిచ్చిన మనిషిని మీరెప్పుడన్న చూసిన్రా? చూడకుంటే నన్ను చూడుర్రి. పోయిన నెల నేను చేసిన ఘనకార్యం అదే.

నేను చేవెళ్లల పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్త. ఇంట్లనే ఒక రూముల కంప్యూటర్ పెట్టుకున్న. దాంట్ల వీడియో పనంత చేసే పాత గ్రాఫిక్స్ కార్డు డెబ్బై ఐదు వాట్లది, పాపం సాధువు. ఒక్క పెండ్లి వీడియో తయారై బయటికొచ్చేసరికి పొద్దుగూకేది. సీజన్ల పని ఆగుతున్నదని సెకండ్ హ్యాండ్‌ల మూడొందల యాభై వాట్లది కొన్న. పనైతే మస్తు జోరుగ అయితున్నది. కానీ నెల తిరిగేసరికి మీటరు రెండొందల యూనిట్లు దాటింది. మీకెరుకనే గద, సర్కారు స్కీముల రెండొందల లోపుంటే జీరో బిల్లు. ఒక్కటి ఎక్కువైనా మొత్తం కట్టాలె. మా ఇంటిది స్వప్న ఆ బిల్లు తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది.

"వచ్చే నెల జీరో రాకుంటే ఆ కార్డు అమ్ముడే," అన్నది.

అది పోతే నా సీజన్ పోయినట్టే. కూసొని లెక్కలేసిన. పాత కార్డు, కొత్త కార్డు, నడిమి రకంది ఇంకోటి, ఏది ఎంత తింటదో కాయితం నిండ రాసిన. కొత్తదాంతోని కంప్యూటర్ మొత్తం ఐదొందల వాట్లు. పన్నెండు గంటలు నడిస్తే రోజుకు ఆరు యూనిట్లు. అప్పుడు యాదికొచ్చింది, హిమాయత్‌నగర్ల, పట్నంలది కాదు, మా దిక్కు ఊరే, మా అత్తగారింట్ల ఉండేది ఇద్దరే. నెలకు నూటపది యూనిట్లు దాటవు. అంటే తొంభై యూనిట్లు నెలనెలా ఉత్తగనే పోతున్నయి. పెద్ద వీడియోలన్ని పది రోజులు అక్కడ నడిపిస్తే అరవై యూనిట్లు. వాళ్లకూ జీరోనే, మాకూ జీరోనే. నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

"మామా, మీరు మస్తు యాదికొస్తున్నరు, పది రోజులుండి పోత," అని ఫోన్ చేసిన. పండుగకు పిలిస్తేనే పోనోన్ని నేను. మామ అల్లుడొస్తుండని అత్తమ్మకు కేకేసిండు. తర్వాత "రా బిడ్డా," అన్నడు. నాకు జర సిగ్గైంది. అయినా సీపీయూను కారు వెనక సీట్ల కూసోబెట్టి బెల్టు పెట్టిన. స్వప్న టీచరమ్మ, బడి ఉన్నదని రాలే.

ఆ కార్డు నడిస్తే రూమంత ఉడికిపోతది. మొదటి రోజే అత్తమ్మ తలుపు తీసి చూసి, "అయ్యో, అల్లుడు తడిసి ముద్దైండు," అని పక్కింట్లకెళ్లి పెద్ద కూలరు తెప్పిచ్చింది.

"వద్దత్తమ్మా," అన్న.

"నీకొద్దంటే ఆ డబ్బకన్న పెడ్తం. అది గూడ ఉడుకుతున్నది."

పది రోజులు ఆ కూలరు ఆగలే. వాళ్లు వాకిట్ల కట్టెల మీద నీళ్లు కాగబెట్టుకుంటరు, నాకేమో పొద్దుగాల్నే గీజర్. గారెలని ఒకనాడు, దోశలని ఒకనాడు గ్రైండర్, చాయ్ కోసం కరెంటు స్టవ్. నేను లోపల వాట్లు లెక్కబెట్టుకుంటనే గారెలు తిన్న. ఏమని చెప్పాలె? మీ కరెంటు నేను వాడుకుంటున్న, మీరు వాడకుర్రి అనాల్నా?

ఎనిమిదో రోజు స్వప్న ఫోన్ చేసింది. మా ఇంటికి జీరో వచ్చిందట. "శభాష్, మాట నిలబెట్టుకున్నవు," అన్నది. తెల్లారి అత్తగారింటికి బిల్లు కొట్టెటాయన వచ్చిండు. రెండొందల ఇరవై ఎనిమిది యూనిట్లు.

మామ ఆ కాయితాన్ని కండ్ల దగ్గరికి తెచ్చుకొని చూసిండు. "ఇన్ని నెలలల్ల జీరో తప్ప రాలే. మీటరు ఖరాబైంది," అన్నడు.

"నేను కడ్త మామా."

"అల్లునితోని కరెంటు బిల్లు కట్టిచ్చిండని ఊరంత అనాల్నా? నువ్వు చదువుకున్నోనివి. అర్జీ రాయి."

రాసిన. ఏం జేస్త? 'మేము ఇద్దరం ముసలోళ్లం, మా మీటరు అన్యాయంగ తిరుగుతున్నది' అని రాసిన. ఎంత మంచిగ రాసిన్నంటే, చదువుకుంటే నాకే ఆ మీటరు మీద కోపమొచ్చింది. మామ సంతకం పెట్టి కరెంటాఫీసుల ఇచ్చొచ్చిండు.

మర్నాడే లైన్‌మన్ ఆ అర్జీ పట్టుకొని వచ్చిండు. వైర్లు ముట్టిచ్చి చూసి, "మీటరు మంచిగనే ఉన్నది పెద్దాయనా. ఈ నెల ఇంట్లకు కొత్త సామానేమన్న వచ్చిందా?" అని అడిగిండు.

"సామానేం రాలే. మా అల్లుడొచ్చిండు, అంతే," అన్నడు మామ.

లోపలి రూములకెళ్లి ఆఖరి పెండ్లి వీడియోకు కార్డు ఫ్యాన్లు గుయ్యిమంటున్నయి. లైన్‌మన్ తలుపు సందులకెళ్లి తొంగి చూసిండు. సీపీయూ, దాని మొకాన కూలరు, పక్కన నేను.

"అల్లుడు ఎన్ని వాట్లు, అన్నా?" అన్నడు.

"ఐదొందలు," అన్న తల వంచుకొని. "కూలరు గాక."

మామ నా దిక్కు చూసిండు. లైన్‌మన్ చేతులకెళ్లి అర్జీ తీసుకొని, మడిచి జేబుల పెట్టుకున్నడు. అల్లుని మర్యాద అల్లునిదే గద. వంటింటి దిక్కు తిరిగి, "అల్లునికి చాయ్ పెట్టు," అన్నడు అత్తమ్మతోని. "గ్యాస్ మీదనే పెట్టు, ఆ కరెంటు స్టవ్ ముట్టకు."