ప్రార్థనలో దూరిన లోటు బడ్జెట్

నాకున్న ఒకే ఒక్క సుగుణం, తెలిసింది దాచుకోలేకపోవడం. జగ్గయ్యపేటలో కుట్టుమిషను ముందు కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదువుతా. చొక్కా కొలతలకొచ్చినవాడికి ఆ రోజు వార్తలన్నీ చెప్పేదాకా వాడి మెడ చుట్టూ ఉన్న టేపు తియ్యను. పాపం, జనం ఏమీ తెలుసుకోకుండా ఎలా బతుకుతారండీ! ఆ సుగుణమే మొన్న చిల్లకల్లులో మా బావమరిది పెళ్లి సంబంధం ప్రాణం మీదికి తెచ్చింది.

బావమరిది జీవరత్నం నందిగామలో గవర్నమెంటు గుమాస్తా. కాకపోతే టెంపరరీ. ఆ ఒక్క మాటకే ఇదివరకు వచ్చిన సంబంధాలన్నీ జారిపోయాయి. ఇప్పుడీ పిల్ల సువార్తమ్మ, చిల్లకల్లు రైతు దావీదుగారి కూతురు, టీచరు ట్రైనింగయింది. ఫోటో చూసిన దగ్గర్నుంచి మావాడు అన్నం సరిగ్గా తినడం లేదు. "ఇది తప్పితే ఇంక నా దగ్గర పెళ్లిమాట ఎత్తొద్దు బావా" అన్నాడు.

బయల్దేరుతుంటే మా ఆవిడ కరుణమ్మ గుమ్మంలో ఆపింది. "ఏవండీ, అక్కడ పేపరు చదవకండి. మీకు పుణ్యముంటుంది."

"నా చేతిలో పేపరేదే?"

చేతిలో లేదు. నోట్లో ఉంది.

దావీదుగారింట్లో కాఫీలయ్యాయి. పిల్ల వచ్చి కూర్చుంది. మా క్రైస్తవుల్లో ఏ మాటలకైనా ముందు ప్రార్థన చేసుకోవాలి. "పెద్దవారు, మీరే చెయ్యండి" అన్నారు దావీదుగారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

బాగానే మొదలెట్టా. రెండు కుటుంబాలయ్యాయి. పిల్లా పిల్లాడూ అయ్యారు. అక్కడ ఆపేస్తే పోయేది! ఏలేవారి కోసం కూడా ప్రార్థించడం అలవాటాయె.

"ప్రభువా, మా రాష్ట్ర ప్రభుత్వమును జ్ఞాపకము చేసికొనుము. వానలు లేవు, వ్యాపారములు పడిపోయినవి, పన్నులు వసూలు కావడము లేదు. బడ్జెట్టు లోటులో పడినది. నౌకరులకు జీతములిచ్చుటకు వారిని బలపరచుము..."

జీవరత్నం మోకాలు నా మోకాలికి ఠపీమని తగిలింది. కుర్రాడికి భక్తి పొంగిందనుకుని గొంతు పెంచా.

"టెంపరరీ పోస్టులను తీసివేయకుండ కాపాడుము!"

ఆమెన్ అన్నది నేనొక్కణ్ణే.

కళ్లు తెరిచేసరికి దావీదుగారు నన్నే చూస్తున్నారు. "జీతాలివ్వలేకపోతున్నారాండీ?"

"అబ్బే! లోటంటే, వచ్చేదానికన్నా ఖర్చెక్కువ. అంతేనండి."

"ఆ పైది ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"సెంట్రల్ గవర్నమెంటిస్తుంది."

"వాళ్ల దగ్గరుందా?"

"వాళ్లకీ లోటేనండి."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "లోటున్నోళ్లు లోటున్నోళ్లకిస్తారా?"

"వాళ్లు నోట్లు అచ్చేసుకోవచ్చు గదండీ."

"మరింక లోటేవిటి?"

ఓరి నాయనో! పేపర్లో ఆ సంగతి రాయలేదే! అప్పుడైనా నోరు మూసుకోవచ్చా? "ఇలాంటి రోజుల్లో గవర్నమెంటు ఖర్చు పెంచాలని కొందరూ, తగ్గించాలని కొందరూ అంటున్నారండీ" అన్నా.

"రాబడి లేనప్పుడు ఖర్చు పెంచడమా? నా కొడుకు ఆ పని చేస్తే గడప తొక్కనివ్వను. మీరేమంటారు?"

"ఇద్దరూ చెప్పింది రైటేననిపిస్తుందండీ."

"అయితే మా పిల్లనివ్వమంటారా, వద్దంటారా?"

నిజం చెబుతున్నా, ఆ క్షణంలో నాకదీ తెలియలేదు. జీవరత్నం వెనకనుంచి నా చొక్కా లాగుతున్నాడు.

అప్పటిదాకా తల దించుకుని నవ్వాపుకుంటున్న సువార్తమ్మ అంది, "జీతం తీసుకునే మనిషిని వదిలేసి ఆయన్నడుగుతావేంటి నాన్నా?" ఆ పైన నేరుగా మావాణ్ణే అడిగింది. "ఈ నెల జీతం వచ్చిందాండీ?"

"ఒకటో తారీఖునే వచ్చిందండి."

"పై నెల?"

"తెలియదండి."

"ఉద్యోగం తీసేస్తే?"

"మాకు కాస్త మెట్ట చేనుందండి. మళ్లీ ఉద్యోగం దొరికేదాకా దున్నుతా."

ఆ పిల్ల తండ్రి వంక తిరిగి, "నాకిష్టమే" అంది.

దావీదుగారు మీసం నిమురుకున్నారు. ఊఁ అన్నారు. ఆనక నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపుతూ మర్యాదగా చెప్పారు: "పెళ్లినాడు ప్రార్థన మా పాస్టరుగారు చేస్తారు. తమరు భోజనానికి దయచెయ్యండి."

రోడ్డు మీద నందిగామ బస్సు కోసం నిలబడ్డాం. జీవరత్నానికి సంతోషం ఆగడం లేదు. నా మీద కోపం కూడా మర్చిపోయాడు. "ఇంతకీ బావా, లోటు బడ్జెట్ మంచిదా, చెడ్డదా?" అన్నాడు.

అడిగాడు కదా! బస్సొచ్చేదాకా విడమరిచి చెప్పా. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు బావా" అని బస్సెక్కేశాడు.

నాకూ కాలేదు. ఇప్పటికీ కాలేదు.