మా గేటు దగ్గర సున్నా

మొన్న మంగళవారం పొద్దున్న మా వీధి ఎందుకంత శుభ్రంగా ఉందో అర్థం కాక గుమ్మంలో నిలబడి కాసేపు తెల్లబోయాను. మలుపులో రోజూ నిలిచే కూరగాయల బండి లేదు, సైకిళ్లు బాగుచేసే ముసలాయన పెట్టె లేదు, గోడవార కూర్చుని కబుర్లాడుకునే ఆడవాళ్లు లేరు, పైగా ఎవరో ఊడ్చి నీళ్లు కూడా చల్లారు. ఏమిటీ విశేషమని పక్కింటాయన్ని అడిగితే, రాబోయే పాతికేళ్లలో మన ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ కలిసిపోయి పెద్ద నగరమైపోతాయట, ఎక్కడ రోడ్లు వేయాలో ఎక్కడ వంతెనలు కట్టాలో ప్రణాళిక వేయడానికి సర్వేవాళ్లు వస్తున్నారట, అందుకని మా కాలనీ కమిటీవాళ్లు అందరినీ ఆ పూటకి కనబడకుండా పొమ్మన్నారట. జనం ఎలా తిరుగుతారో చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం జనాన్నే మాయం చేశారన్నమాట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక్కడి రైల్వే పేట న్యూ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగిన నా ఈడువాళ్లకు ఈ కోపం సంగతి తెలుసు గానీ, ఆ కోపంలో సగం నా మీద నాకేనన్న సంగతి ఇన్నేళ్లలో నేనెవరికీ చెప్పలేదు.

మన రైల్వే కుటుంబాలకు తాతల నాటి జబ్బు ఒకటుంది. పైఅధికారి వస్తున్నాడని కబురు అందితే చాలు, దారి పక్క రాళ్లకు సున్నం కొట్టేయడం, ఆరేసిన బట్టలు లోపల పడేయడం, మేకల్ని కట్టేయడం, పిల్లల్ని నోరెత్తకుండా కూర్చోబెట్టడం. ఆయన వచ్చి చూసి, అంతా బాగుందని రాసుకుని వెళ్లిపోతే అదే పెద్ద ఘనకార్యమని మురిసిపోయేవాళ్లం. కారుతున్న పైకప్పు కింద బకెట్టు తీసి మంచం కింద దాచిన ఇల్లు మాది. ఆ కప్పు ఆ తర్వాత రెండు వానాకాలాలు కారిందని వేరే చెప్పాలా?

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ బెంగాలీ ఊళ్లో రైల్వే వర్క్‌షాపులో చేరి మేస్త్రీ అయ్యాడు. అక్కను పట్టాల అవతల, తాల్‌బగీచా వైపు ఇచ్చాం. బావగారిదీ ఆ వర్క్‌షాపే. రెండిళ్లకూ మధ్య పట్టాలు దాటడానికి మనుషులకూ సైకిళ్లకూ మాత్రమే పట్టే చిన్న గేటు ఒకటుండేది. పొద్దున్న సైరను కూసే వేళకు ఆ గేటు దగ్గర సైకిళ్లు ఎంత ఒత్తుగా వచ్చేవంటే ఒకడి హ్యాండిల్ ఇంకొకడి మోచేతికి తగిలేది. అక్కకు తొలి కాన్పయ్యాక మా అమ్మ రోజూ క్యారియర్ పట్టుకుని ఆ గేటు మీదుగానే వెళ్లేది. అడ్డంగా గూడ్సు బండి ఆగి ఉంటే చీర బిగించి, క్యారియర్ ముందుకు తోసి, వ్యాగన్ల కిందనుంచి దూరి అవతల తేలేది. కింద ఉండగా బండి కదిలితే ఏమిటి గతి అని నాకు గుండెలు పీచుపీచుమనేవి. అక్కడొక నడక వంతెన పడాలన్నది అప్పట్లో నాకున్న ఒకే ఒక్క కోరిక.

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. పటాల మీద పల్చటి కాగితం పరిచి సిరాతో నకలు తీయడం నా పని. ఊరికి ఇరవై ఏళ్ల రవాణా ప్రణాళిక వేస్తున్న ఒక ఆఫీసుకు నన్ను కొన్నాళ్లు పంపారు. ఏ దారిన ఎంతమంది పోతున్నారో లెక్కపెట్టి, ఎక్కువమంది పోయేచోట వంతెన కట్టాలని వాళ్ల ఆలోచన. లెక్కపెట్టే చోట్లలో మా గేటు కూడా ఉందని తెలిసిన రోజు నేను నేల మీద నడవలేదు. మూడు రోజులు గేటు పక్కన కూర్చుని, మనిషికో నిలువు గీత గీసి, నాలుగయ్యాక అయిదోది అడ్డంగా కొట్టడమే కదా, సైరను వేళకు నా చెయ్యి పడిపోతుందనుకున్నాను.

మొదటి రోజు సైరను కూసింది, ఒక్క సైకిలూ రాలేదు. వర్క్‌షాపులో ఏదో గొడవై ఉంటుందనుకున్నాను. రెండో రోజు ఇద్దరు బిచ్చగాళ్లు, ఒక ఆవు. ఆవును లెక్కలో వేయాలో వద్దో కాగితంలో రాసి లేదు. నేను చీకటితో బయలుదేరి వెళ్లి, దీపాలు పెట్టాక ఇల్లు చేరేవాణ్ణి కనుక ఎవరినీ అడిగే వీలు లేకపోయింది. మూడో రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ వేడినీళ్ల బేసిన్‌లో పాదాలు పెట్టుకుని కూర్చుంది. ఏమైందంటే నవ్వింది.

"అంత దూరం పూరీ గేట్ కాడికి పోయి సుట్టు తిరిగి ఎల్లినానురా మూడు దినాలూ. నీ డూటీకి అడ్డం రాలేదు."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. కొడుకు డ్యూటీలో కూర్చుంటున్నాడన్న సంబరంలో నాన్న వర్క్‌షాపంతా తిరిగి చెప్పొచ్చాడట. "ఆపీసర్ సాయిబులు వొచ్చి లెక్కలు రాసుకుంతారు, మూడు దినాలు గేటు కాడికి ఎవలూ రాకండి, గుంపు కడితే మావోడికి మాటొస్తాది" అని. ఆయన మాటంటే అందరికీ గౌరవం. వందల మంది సైకిళ్లు తొక్కుకుంటూ, మా అమ్మలాంటివాళ్లు కాళ్లీడ్చుకుంటూ, నా మంచికోసం మూడు రోజులు ఊరు చుట్టి వెళ్లారు. నాన్న మొహం చూస్తే ఎంత గర్వమో! ఆ మొహం చూసి అరవాలో ఏడవాలో తెలియక అన్నానికి కూర్చున్నాను.

మర్నాడు కాగితాలు తీసుకుని మా పైఅధికారి దగ్గరికి వెళ్లాను. బెంగాలీ ఆయన, అన్నగారన్న అర్థంలో దాదా అని పిలిచేవాళ్లం, చెడ్డవాడేం కాదు. అంకెలు చూసి కళ్లజోడు పైకి తోసి, ఇంత తక్కువేమిటి, లెక్క సరిగ్గా ఉందా అని అడిగాడు. నిజం చెబితే మళ్లీ లెక్కపెట్టించేవాడేమో. కానీ జనాన్ని ఎవరు ఆపారని అడుగుతాడు, మా నాన్న పేరు చెప్పాలి, ఆఫీసంతా మేస్త్రీ తెలివితక్కువతనం గురించి నవ్వుకుంటుంది. లెక్క సరిగ్గానే ఉందన్నట్టు, "ఠీక్ హై, దాదా" అన్నాను. అంతే. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పొట్టిది అదే.

తర్వాత పెద్ద పటం తయారైంది. ఎక్కువమంది నడిచే దారికి లావు గీత, తక్కువమందికి సన్న గీత. దాన్ని సిరాతో నకలు తీసింది నేనే. మా గేటు దగ్గరికి వచ్చేసరికి గీయడానికి ఏమీ లేదు. రోజూ మా అమ్మ నడిచే చోట తెల్ల కాగితం అలాగే వదిలేసి పెన్ను పక్కకు జరిపాను. వంతెనలు ఎక్కడెక్కడో వచ్చాయి, మాకు మాత్రం రాలేదు. తర్వాతెప్పుడో పట్టాల వరసలు పెరిగాయి, జనం దాటితే ప్రమాదమని గేటు తీసేసి గోడ కట్టారు. ఎవరూ దాటని చోట గోడ కడితే ఎవరికి నష్టం?

మొన్న వీధి ఖాళీ చేయించిన ఆ పొద్దున్నే సర్వేకి వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇక్కడి ఇంజనీరింగ్ విద్యాసంస్థలో చదువుకుంటోందట, నల్గొండ వైపు పిల్ల. నా తెలుగు విని ప్రాణం లేచొచ్చినట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో పలకలాంటి యంత్రం. కిందటి వారం పట్టాల అవతలికి ఎన్నిసార్లు వెళ్లానని అడిగింది. వెళ్లలేదన్నాను. సున్నా అని నొక్కబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

"సున్నా రాయకమ్మా. అవతల మా అక్క ఉంది. మా మేడ మీద నిలబడితే ఆవిడ ఆరేసిన చీర కనబడుతుంది. మోకాళ్లతో అంత చుట్టూ తిరగలేక వెళ్లలేదు గానీ, పని లేక కాదు. అది రాసుకో."

"అట్ల రాయనీకి రాదు తాతగారూ, నంబరే తీసుకుంటది" అంది పాపం, నిజంగానే నొచ్చుకుంటూ. ప్రయాణం ఎందుకు చేశారన్న ప్రశ్న కూడా ఉంది. ఉద్యోగం, చదువు, ఆసుపత్రి, బజారు. ఊరికే వెళ్లడమన్నది లేదు. వీధిలో ఎవరూ నడవడం లేదేమని ఆ పిల్ల ఆశ్చర్యపోతే, ఈసారి నోరు మూసుకోలేదు. కమిటీవాళ్ల నిర్వాకమూ, మా నాన్న కథా, నేను దాదాతో అన్న మాటా మొత్తం చెప్పాను. ఆ పిల్ల మధ్యలోనే రాయడం ఆపేసింది. ఎవరికీ చెప్పకుండా ఇంకో రోజు పొద్దున్నే వచ్చి చూస్తానంది. వస్తుందో లేదో, వచ్చినా ఎన్ని సైకిళ్లు మిగిలాయని!

ఆమె వెళ్లాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. బ్యాటరీ రిక్షా, ఇక్కడివాళ్లు టోటో అంటారు, దాన్ని పిలిచి, పూరీ గేట్ వంతెనెక్కి, ఒకప్పుడు ఒక్క పరుగులో చేరే ఇంటికి నడుము విరిగేలా కుదుపులు తింటూ వెళ్లాను. గేటున్న రోజుల్లో కరివేపాకు కోసమొకసారి, అమ్మ పంపిన పులుసు గిన్నె ఇవ్వడానికొకసారి, ఏ పనీ లేక ఇంకోసారి ఆ గుమ్మం తొక్కేవాణ్ణి. ఎందుకొచ్చావని అడిగినవాళ్లు లేరు. తలుపు కొట్టాను. అక్క కర్ర పట్టుకుని వచ్చి తలుపు తీసింది. నన్ను చూసి సంతోషించలేదు. ద్వారబంధం పట్టుకుని, నా మొహంలోకి భయంగా చూసింది.

"ఏట్రా తమ్ముడూ, సెప్పకండా వొచ్చినావు? ఎవలు పోనారు?"