జీపు డ్రైవరు సంతకం

ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ప్రయాణమైతే "ఒంటరిగానా?" అని అడిగే మనుషులంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. తొంభైల చివర్లో మేం అరకు బయల్దేరినప్పుడు మా హెడ్మాస్టరుగారు ఆ మాటే అడిగారు. మా ఆయనా అడిగాడు. ఎదురింటి కిరాణా కొట్టాయనకు కూడా అదే అనుమానం వచ్చింది. ముగ్గురం ఉండగా ఒంటరి ఎలా అవుతామో వాళ్ళలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

అప్పుడు మేం అద్దంకి దగ్గర ఒక హైస్కూల్లో పనిచేసేవాళ్ళం. నేను తెలుగు, ఒకావిడ హిందీ, ఇంకొకావిడ సోషల్. స్టాఫ్ రూములో మా సబ్జెక్టులే మా పేర్లు. హిందీ మేడమ్ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినపడేది. సోషల్ మేడమ్ మా ఇద్దరికంటే పెద్దది. భర్త పోయి పదేళ్ళయింది. ఆవిణ్ణి నేను అక్కా అనే పిలిచేదాన్ని.

నిజానికి ఆ ప్రయాణం అక్క కోసమే. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ నల్లబల్ల మీద కొండ గీసి, పక్కన మబ్బు గీసి, బాణం గుర్తులు వేసి, మబ్బు కొండకు తగిలి పైకెక్కి వాన ఎలా అవుతుందో పిల్లలకు చెబుతోంది. ఆవిడ పుట్టింది పొదిలి వైపు మెట్ట ఊళ్ళో.

"మా ఊరి మీదుగా మబ్బులు పోవడమే గాని ఆగడం నేనెప్పుడూ చూళ్ళేదే అమ్మాయ్. అవి ఎక్కడికెళ్ళి ఆగుతాయో చచ్చేలోపు ఒక్కసారి చూడాలి" అనేది.

అది ఆగస్టు. మా వైపు పత్తి చేలల్లో కలుపు తీస్తున్నారు, మిరప నారుకు వాన కోసం ఎదురు చూస్తున్నారు. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్లు తడిసిపోయేవి. రెండో శనివారం సెలవు కలిసొచ్చింది. శుక్రవారం బడి వదలగానే ఒంగోలు వెళ్ళి రైలెక్కాం. పొద్దున విశాఖపట్నం స్టేషను బయట ఒక జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరుకు యాభై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తుడు.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే సన్నటి తుంపర మొదలైంది. నేను తెలివిగా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మంగళగిరి చీర కట్టుకున్నాను. రెండు మలుపులు తిరిగేసరికి అది తడి గుడ్డలా ఒంటికి అంటుకుపోయింది. హిందీ మేడమ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అక్క మాత్రం కిటికీ వదల్లేదు. వానకు లోయ కనపడలేదు, అంతా తెల్లగా ఉంది. "రేపు పొద్దున్నే నడిచెళ్ళి చూద్దాం, మబ్బులు కింద నుంచి ఎక్కుతాయంట" అంది.

సాయంత్రం అరకులో ఒక లాడ్జికి వెళ్ళాం. కౌంటర్లో ఉన్న మేనేజరు మా వెనక్కి తొంగి చూశాడు.

"జెంట్స్ ఎవరూ రాలేదాండీ?"

"లేదు. మేం ముగ్గురమే. గవర్నమెంటు టీచర్లం" అంది అక్క.

"జెంట్స్ లేకపోతే రూమివ్వమండి. ఇక్కడ ఎక్కడైనా ఇంతేనండి. మీ మంచికేనండి."

మన మంచి గురించి మనల్ని అడగకుండా ఆలోచించేవాళ్ళు ఈ దేశంలో ఎంతమందో. అలా వాదన జరుగుతుండగా డ్రైవరు మా సంచులు తీసుకుని లోపలికి వచ్చాడు. మేనేజరు ముఖం విప్పారింది.

"ఈయన మీతో వచ్చాడా? ఇంకేం, ఈయన సంతకం పెడితే చాలు."

డ్రైవరు బిత్తరపోయాడు. "నానెవర్ని బాబూ? పొద్దున టేసన్ కాడ బేరం కుదిరింది. ఈ మేడమ్ గార్ల పేర్లు కూడా నాకు తెలీవు."

"ఫర్లేదు, పెట్టు" అని మేనేజరు రిజిస్టరు అతని ముందుకు తోశాడు. మాకేమవుతాడన్న గడిలో తనే 'బంధువు' అని రాసేశాడు.

వందల మంది పిల్లలకు చదువు చెప్పిన ముగ్గురి మాట చెల్లలేదు. పేరైనా తెలియని మగవాడి మాట చెల్లింది. అక్క ముఖం ఎర్రబడింది. "వద్దు. కిందికి పోదాం పదండి" అంది. బయట వాన పెద్దదైంది. వెలుతురు తగ్గుతోంది. హిందీ మేడమ్ నా వైపు చూసింది.

"ఒక్క సంతకమే కదక్కా, పోనిద్దూ. మబ్బులు చూడాలనే కదా వచ్చాం" అన్నాను నేను.

ఆ మాట అన్నది నేనే. మేనేజరు కాదు.

అక్క కౌంటరు దగ్గర్నుంచి పక్కకు జరిగింది. డ్రైవరు ఒక్కొక్క అక్షరమే రాసి, తప్పు చేసినవాడిలా కలం అక్కడ పెట్టి, ఊళ్ళో చుట్టాలింటికి పడుకోవడానికి వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు.

తెల్లారి ఆరింటికల్లా మేం గొడుగులు పట్టుకుని బయటికి వచ్చాం. గేటుకు తాళం. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"మీతో వచ్చినాయన ఏడమ్మా? ఆయన వస్తేనే తాళం తియ్యమని మా సారు చెప్పారు."

హిందీ మేడమ్ గొంతెత్తింది. చర్చి గొంతు మొత్తం వాడింది. పైగదుల్లో దంపతులు కిటికీలు తెరిచి చూశారు. మేనేజరు కళ్ళు నులుముకుంటూ వచ్చి, "రిజిస్టర్లో సంతకం ఆయనది, మీ బాధ్యతా ఆయనదేనండి, రేపు మీకేమైనా అయితే?" అన్నాడు. సాయంత్రం నేను పోనిద్దూ అన్న సంతకం పొద్దునకల్లా మా కాళ్ళకు తాళమైంది.

అక్క మెట్ల మీద కూర్చుని గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. గోడ అవతల ఎక్కడో మబ్బులు ఎక్కుతూనే ఉండి ఉంటాయి. మాకు కనపడింది గోడ, దాని మీద నాచు, దండెం మీద లాడ్జి దుప్పట్లు.

డ్రైవరు తొమ్మిదింటికి వచ్చాడు. సంగతి విని మేనేజరును నోటికొచ్చినట్టు తిట్టాడు. అప్పటికి ఎండ వచ్చేసింది. తిరుగు దారిలో అతను ఒక మలుపు దగ్గర జీపు ఆపి, "ఇక్కడినుంచి బాగా అగుపడతాది, దిగండమ్మా" అన్నాడు. లోయ అంతా కడిగినట్టు పచ్చగా ఉంది. ఒక్క మబ్బు లేదు. అక్క దిగలేదు.

ఆ వారమే పక్క గదిలోంచి అక్క మబ్బుల పాఠం వినపడింది. "మీరు చూశారా మేడమ్?" అని ఎవరో పిల్ల అడిగింది. "లేదు" అంది అక్క. తర్వాత సుద్దముక్క బల్ల మీద గీస్తున్న చప్పుడు.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. అక్క రిటైరవడానికి నెలలే ఉన్నాయి. ఒక రోజు టీ వేళకు నేను మళ్ళీ అరకు మాట ఎత్తాను. "ఇప్పుడు రోజులు మారాయక్కా. సెల్‌ఫోన్లు వచ్చాయి, ముందే రూము చెప్పించుకోవచ్చు. సంతకాలవీ ఎవరూ అడగరు" అన్నాను.

ఆవిడ దిద్దుతున్న పేపరు మీద నుంచి తల ఎత్తింది.

"అడగరు సరే. అడిగితే నువ్వేమంటావు?"

వెంటనే చెప్పాల్సిన జవాబు అది. నేను, టీ చల్లారిపోతోంది తాగక్కా అన్నాను.